పాత సామానుతో పాపాయి గది సర్దుకోవడం ఎలా

పాపాయి గదికి కావలసింది నిజానికి చాలా తక్కువ. పడుకోబెట్టడానికి ఒక చోటు, బట్టలకు సొరుగుల బల్ల, డైపర్ మార్చడానికి నడుము ఎత్తులో కాస్త జాగా, పాలు పట్టేటప్పుడు వీపు ఆన్చుకునే కుర్చీ, రాత్రిళ్లు కళ్లలో పడని దీపం. వీటిలో మొదటిది తప్ప అన్నీ పాతవే వాడొచ్చు. అటక మీద దుమ్ము పట్టినవి, చుట్టాలు వద్దనుకున్నవి, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఒక మూలకి నెట్టేసినవి ఏవైనా సరే. గట్టి చెక్కతో చేసిన పాత బల్లకి ఉన్న నిలకడ ఇవాళ విప్పి బిగించే పలచటి సామానుకి రాదు. పైగా ఏ గదిలోనూ లేనంత తడి, రుద్దుడు, గీతలు పాపాయి గదిలో ఉంటాయి. అప్పటికే నాలుగు దెబ్బలు తిన్న సామానైతే మనకీ టెన్షన్ ఉండదు.

అయితే పాత వస్తువు నచ్చింది కదా అని ఉన్నపళంగా తెచ్చి పెట్టేయకూడదు. వరసగా ఏం చూడాలో, ఏం చేయాలో చెబుతాను.

1. పడక కొత్తది

"ఈ తొట్టెలోనే అందరూ పెరిగారు" అంటూ పెద్దవాళ్లు ఆప్యాయంగా పాత ఊచల తొట్టె దింపుతారు. కాదనడం కష్టమే. అయినా నిద్రకు మాత్రం అది వద్దు.

కారణాలు మనసుకి సంబంధించినవి కావు, కొలతలకి సంబంధించినవి. తొట్టె ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకి మించకూడదు. అంతకన్నా ఎక్కువుంటే పాప ఒళ్లు కాళ్లవైపు నుంచి జారిపోయి తల ఇరుక్కుంటుంది. మామూలు కూల్‌డ్రింక్ క్యాన్ ఊచల మధ్య దూరిపోతే ఆ తొట్టె పనికిరాదని లెక్క. నాలుగు మూలల కోళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటే చొక్కా మెడ వాటికి తగులుకుంటుంది. తలవైపు పలకలో నగిషీ కోసం చెక్కిన కంతలు ఉంటే అవీ ప్రమాదమే. పరుపుకీ తొట్టె గోడకీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ కూడా ఉండకూడదు. చేత్తో తయారైన పాత తొట్టెల్లో ఈ కొలతలన్నీ సరిపోయేవి అరుదు.

ఒక పక్క కిందికి జారే తొట్టెలైతే అసలు ఆలోచించక్కర్లేదు. ఆ జారే పక్క గాడి తప్పి సందు ఏర్పడటం వల్ల అమెరికాలో 2000 తర్వాత పదేళ్లలో కనీసం 32 మంది పసివాళ్లు చనిపోయారు. 2011 జూన్ 28 నుంచి అక్కడ వాటి తయారీనీ అమ్మకాన్నీ నిషేధించారు, పాతవి తిరిగి అమ్మడంతో సహా. పరుపు కూడా కొత్తదే కొనండి. వాడిన పరుపు మధ్యలో కుంగి ఉంటుంది, పాప పడుకునే చోటు గట్టిగా, చదునుగా ఉండాలి.

తొట్టెకి అలంకారం ఏమీ వద్దు. పరుపు మీద సరిగ్గా బిగిసేలా పరిచే దుప్పటి ఒక్కటి చాలు. దిండ్లు, చుట్టూ కట్టే మెత్తటి అంచులు, బొమ్మలు, బొంతలు ఏవీ లోపల ఉండకూడదు. ఆ మెత్తటి అంచులను అమెరికా 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది. మీ దగ్గర చేత్తో కుట్టిన అందమైన బొంత ఉంటే దాని చోటు గోడ మీద. ఎలా తగిలించాలో తర్వాత చెబుతాను.

మరి ఆ పాత తొట్టెని ఏం చేయాలి? విడదీయండి. ఊచలున్న పక్కని గోడకి అడ్డంగా బిగిస్తే చిన్న చిన్న గౌన్లు, టోపీలు తగిలించే చట్రం అవుతుంది. ముందువైపు తీసేసి, మిగతా మూడు పక్కల మధ్య గట్టి పలక వేస్తే పెద్దవాళ్లు కూర్చునే బెంచీ అవుతుంది. దాని మీద పాత రంగు ఉంటే మాత్రం ముందు మూడో మెట్టు చదవండి.

ఇంకో మాట. పాపని కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పడక మీద పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. అంటే కాన్పు నాటికి గది పూర్తవకపోయినా కొంప మునగదు. హడావుడిగా ఏదో ఒకటి కొనేయడం కంటే ఖాళీ గది మేలు.

2. సొరుగుల బల్ల నుంచి మొదలుపెట్టండి

గదికి ఒక పెద్ద వస్తువు ఆధారం కావాలి. నన్నడిగితే అది మూడు సొరుగుల వెడల్పాటి బల్లే. కింద బట్టలు, పైన డైపర్ మార్చే జాగా, రెండు పనులూ ఒక్కదానితో అయిపోతాయి. 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే వంగక్కర్లేదు. బిడ్డని కన్న నడుముకి ఆ తేడా బాగా తెలుస్తుంది. లోతు కనీసం 45 సెంటీమీటర్లు చూసుకోండి. టేపు జేబులో పెట్టుకునే వెళ్లండి, గది కొలతతో పాటు గుమ్మం కొలత కూడా రాసుకుని.

పై పాలిష్ చూసి మోసపోవద్దు. సొరుగు పూర్తిగా బయటికి లాగి పక్కల్ని చూడండి. పలకలు ఒకదానిలో ఒకటి దిగిన డవ్‌టెయిల్ అతుకులుంటే మంచి పని. స్టేపుల్ పిన్నులూ బంకా కనిపిస్తే పక్కన పెట్టేయండి. బల్ల అంచు చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా కొనసాగితే అది అసలు చెక్క, అంచు దగ్గర పలచటి పొరలా తెగిపోతే పైన అతికించిన విన్నీరు. విన్నీరు చెడ్డదేమీ కాదు కానీ దాన్ని గట్టిగా రుద్దకూడదు, చిల్లు పడుతుంది. పొట్టు నొక్కి చేసిన బోర్డు తడికి ఉబ్బి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తేకండి.

తర్వాత బల్ల రెండు మూలలు పట్టుకుని ఐమూలగా ఊపండి. కాస్త కదిలితే ఫరవాలేదు, అతుకులు విప్పి జిగురు పెట్టి బిగిస్తే సరిపోతుంది. ఊగిసలాడితే వదిలేయండి. చెక్కలో సన్నటి గుండ్రటి రంధ్రాలుండి, వాటి కింద తాజా పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా పని చేస్తోందని అర్థం. పొడి లేని పాత రంధ్రాలైతే లప్పం పెట్టి పూడ్చుకోవచ్చు.

నల్లుల సంగతి చాలామంది మర్చిపోతారు. టార్చిలైటు వేసి సొరుగుల మూలలు, స్క్రూ కంతలు, బల్ల అడుగుభాగం చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, పాలిపోయిన పొట్టు కనిపిస్తే ఆ వస్తువు మీ ఇంటి గడప దాటకూడదు. మెత్తలున్న కుర్చీ అయితే కుట్ల వెంబడి వేలు పెట్టి చూడాలి.

ఆఖరుగా సొరుగులో తల పెట్టి వాసన చూడండి. పాత చెక్క వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన, బూజు వాసన మూడూ వేరు. మొదటిది బాగుంటుంది. రెండోది గాలికి ఆరబెడితే చాలావరకూ పోతుంది. బూజు వాసన చెక్కలోకి ఇంకిపోయి ఉంటే పాపాయి గదికి వద్దు.

3. రంగు వేసి ఉంటే ఆగండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. కాస్త ఓపిగ్గా చదవండి.

పాత రంగుల్లో సీసం కలిపేవారు. రంగు త్వరగా ఆరడానికీ, నిగనిగలాడడానికీ, తడికి తట్టుకోవడానికీ. ఇళ్లల్లో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లోనే నిషేధించింది, చాలా దేశాలు అంతకన్నా ఆలస్యంగా మేల్కొన్నాయి. అందుకని రంగు వేసిన పాత వస్తువు చేతికొస్తే, కాదని తేలేదాకా అందులో సీసం ఉందనే అనుకోవాలి. సీసం పసివాళ్ల మెదడు ఎదుగుదలని దెబ్బ తీస్తుంది. ఇంత మోతాదైతే ఏమీ కాదు అని చెప్పగలిగే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రంగు పెచ్చులు కాస్త తియ్యగా ఉండడం ఇంకో చిక్కు. పళ్లు వచ్చే పాప అంచు కొరికి వదలదు.

పెచ్చుల కన్నా దుమ్ముతో ఎక్కువ జాగ్రత్త. రంగు చెక్కుచెదరకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ సొరుగు తీసి వేసినప్పుడల్లా, తలుపు కీలు తిరిగినప్పుడల్లా రెండు ఉపరితలాలు రాసుకుని కంటికి కనబడని పొడి రాలుతుంది. అది నేల మీద చేరుతుంది. పాకే పాప చేతులకి అంటుకుంటుంది, ఆ చేతులు నోట్లోకి వెళతాయి.

పరీక్షించే కిట్లు దొరుకుతాయి. పై పొర మీద రుద్దితే చాలదు. కనిపించని చోట అడుగు పొర దాకా చిన్న గాటు పెట్టి అక్కడ పరీక్షించాలి, ఎందుకంటే కొత్త రంగు కింద పాత రంగు దాక్కుని ఉంటుంది. ఫలితం మీద అనుమానం ఉంటే రంగు ముక్కని ల్యాబ్‌కి పంపించండి. పాత వార్నిష్‌లోనూ సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి దాన్నీ వదలొద్దు.

సీసం ఉందని తేలితే సాండ్‌పేపర్‌తో రుద్దొద్దు, వేడిగాలి మెషిన్‌తో కాల్చి తీయొద్దు. రెండూ విషాన్ని ఇల్లంతా చల్లడమే. తెలిసిన పనివాళ్ల చేత ఇంటికి దూరంగా రసాయనంతో రంగు ఊడదీయించుకోవచ్చు. వస్తువు అంత విలువైనది కాకపోతే దాన్ని పిల్లలు తిరగని చోట వాడుకుని ఇంకోటి వెతుక్కోవడమే నయం. పైన కొత్త రంగు వేసేస్తే సరిపోతుందని కొందరంటారు. రాపిడి, కొరుకుడు ఉండే చోట ఆ పూత ఎన్నాళ్లో నిలవదు.

గర్భిణులు ఈ పనులకి దూరంగా ఉండాలి. సీసం లేదని తేలినా సరే, రంగు ఊడదీయడం, దుమ్ము లేపడం ఇంకెవరికైనా అప్పగించండి. గుబ్బలు ఎంచుకోవడం, ఏది ఎక్కడుండాలో చెప్పడం, పని చేసేవాళ్లని తిట్టడం మీ వంతు.

4. శుభ్రం, మెరుగు

సొరుగులన్నీ తీసి బల్లని బయట గాలికి పెట్టండి. ముందు వాక్యూమ్‌తో మూలల దుమ్ము లాగి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి బాగా పిండిన గుడ్డతో తుడవండి. నీళ్లు పోసి కడగొద్దు. పూర్తిగా ఆరాక సొరుగుల లోపల మిగిలిన వాసన పోవడానికి బేకింగ్ సోడా గిన్నెలో పెట్టి కొన్ని రోజులు ఉంచండి. అప్పటికీ పోకపోతే లోపలివైపు లక్క పూత, అంటే షెలాక్, ఒకటి రెండు పొరలు వేయించండి. వాసనను లోపలే బంధించేయడంలో దానికి సాటి లేదు. లక్క పురుగు నుంచి వచ్చేదే అయినా దాన్ని స్పిరిట్‌లో కరిగిస్తారు కాబట్టి ఆ వాసన పోయేదాకా కిటికీలు తీసి ఉంచాలి.

పాత పాలిష్ బాగుంటే ముట్టుకోకండి. కొంచెం మైనం రాసి మెత్తటి గుడ్డతో తోమితే చాలు. చెడిపోయి ఉంటే 120 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 180, తర్వాత 220తో చెక్క గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా కాదు. మాస్క్ తప్పనిసరి. మధ్యమధ్యలో తడిగుడ్డతో పొడి తుడిచేయాలి. పాత స్క్రూ కంతలు, గాట్లు లప్పంతో పూడ్చి ఆరాక మళ్లీ ఒకసారి నున్నగా చేయండి. వేలితో అంచులన్నీ తడిమి చూడండి, ఎక్కడ గుచ్చుకున్నా అది పాప చెంపకి తగిలే చోటే.

రంగు వేస్తే నీటితో కలిపే రకం, ఘాటు వాసన లేనిది తీసుకోండి. డబ్బా మీద సీసం 90 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 90కి) లోపు అని ఉందో లేదో చూడండి. మందంగా ఒక పొర కన్నా పలచగా మూడు పొరలు మంచిది. ముట్టుకుంటే అంటుకోకపోవడం వేరు, రంగు గట్టిపడడం వేరు. మొదటిది గంటల్లో అవుతుంది, రెండోదానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందుకే రంగు పని కాన్పుకి రెండు నెలల ముందే ముగించుకోండి.

అవిసె నూనెతో మెరుగు పెడుతుంటే ఒక హెచ్చరిక. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలని ముద్దగా చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి.

కావాలని అక్కడక్కడా రంగు గీకేసి పాతబడ్డట్టు చూపించే పద్ధతి ఒకటుంది. ఫొటోల్లో చాలా బాగుంటుంది. పాపాయి గదిలో నాకది అస్సలు నచ్చదు. పెచ్చులు లేచే అంచుని మనమే తయారుచేసి పెట్టడం ఎందుకు?

గుబ్బలు, పిడులు మార్చడం వల్ల బల్ల రూపమే మారిపోతుంది, ఖర్చూ తక్కువ. పిడికి రెండు స్క్రూలుంటే వాటి నడుమ దూరం కొలుచుకుని అదే కొలతవి వెతకండి. లేకపోతే కొత్త కంతలు పడతాయి. ఊడితే పాప నోట్లో పట్టేంత చిన్న గుబ్బలు వద్దు. బొమ్మల చిన్న భాగాలని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా గొంతులో ఇరుక్కోవచ్చు. సొరుగు బిగుసుకుంటుంటే పట్టాల మీద కొవ్వొత్తి రుద్దండి.

5. గోడకి కట్టండి

బల్ల ఎంత బరువుంటే అంత నిలకడ అనుకుంటాం. ఖాళీ బల్ల విషయంలో అది నిజమే. పాప నిలబడడం నేర్చుకున్నాక కింది సొరుగు లాగి, దాన్నే మెట్టుగా చేసుకుని పైదాన్ని పట్టుకుంటుంది. సొరుగుల బరువు, పాప బరువు రెండూ ముందుకి వచ్చి బల్ల బోర్లా పడుతుంది. బరువైన బల్ల పడితే దెబ్బ కూడా బరువుగానే తగులుతుంది. అమెరికాలో 27 అంగుళాలు, అంటే సుమారు 68.5 సెంటీమీటర్లు, ఆ పైన ఎత్తుండే బట్టల సొరుగు బల్లలకి ఇలా బోర్లా పడకుండా నిలుస్తాయో లేదో చూసే పరీక్షని 2023 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేశారు. మీ అమ్మమ్మల కాలం నాటి బల్లని ఎవరూ పరీక్షించలేదు. ఆ పని మీదే.

బల్ల వెనకాల రెండు చివరలా ఎల్ ఆకారపు బ్రాకెట్లు గానీ, దీనికోసమే అమ్మే గట్టి పట్టీలు గానీ వాడండి. పాత బల్లల వెనక పలచటి ప్లైవుడ్ ఉంటుంది, స్క్రూ దానికి దింపితే ఒక్క గుంజుకి ఊడొస్తుంది. పై పలక కింద ఉండే మందపాటి పట్టెకి దింపాలి. ఇటుక గోడైతే డ్రిల్లు వేసి ప్లగ్ పెట్టి బిగించండి. చెక్క చట్రం మీద బోర్డు కొట్టిన గోడైతే లోపలి నిలువు పట్టె ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి. అయ్యాక గట్టిగా లాగి చూడండి, మొహమాటపడకుండా. బరువైన వస్తువులు కింది సొరుగులో సర్దండి. సొరుగు మొత్తం ఊడి బయటికి రాకుండా లోపల వెనక అంచుకి చిన్న చెక్క ముక్క అడ్డు వేయించండి. పాత సొరుగులకి ఆ అడ్డు తరచుగా ఉండదు.

డైపర్ మార్చడానికి పైన నాలుగువైపులా అంచున్న పళ్లెం లాంటి చట్రం చేయించి, బల్లకి కింద నుంచి స్క్రూలతో బిగించండి. లోపల తుడుచుకునే వీలున్న పరుపు ముక్క. అంచులున్నాయని ధీమా వద్దు, ఒక చెయ్యి ఎప్పుడూ పాప మీదే ఉండాలి. అందుకే గుడ్డలు, క్రీములు అన్నీ పై సొరుగులో చేతికందేలా ఉంచుకోవాలి. పాప బోర్లా పడడం మొదలుపెట్టిందంటే ఈ పని నేల మీదికి మార్చేయడం మంచిది.

6. కుర్చీ

కుర్చీని చూసి కొనకూడదు, కూర్చుని కొనాలి. అదీ ఒక నిమిషం కాదు. ఒడిలో దిండు పెట్టుకుని, చెయ్యి మడిచి, కనీసం పావుగంట. చేతులు పెట్టుకునే పట్టెలు మోచేతి ఎత్తుకి వస్తున్నాయా, పాదాలు నేలకి పూర్తిగా ఆనుతున్నాయా, ఒక చేత్తో లేవగలుగుతున్నారా చూసుకోండి. ఊగే కుర్చీ అయితే ఊగేటప్పుడు కిర్రుమనకూడదు. పాప నిద్రపోయాక ఆ ఒక్క చప్పుడు చాలు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

మెత్తల లోపలి పాత ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటుంది. మొహమాటం లేకుండా పారేసి కొత్తది వేయించండి. కవర్‌కి జిప్పు పెట్టించి, 60 డిగ్రీల వేడినీళ్లకి తట్టుకునే గుడ్డ ఎంచుకోండి. పేము కుర్చీ అయితే విరిగిన పుల్లల కొసలు వెతికి కత్తిరించాలి. పాప పాకడం మొదలుపెట్టాక ఊగే కుర్చీ కింది వంపు కర్రలు చిన్నిచిన్ని వేళ్లకి ప్రమాదం. అప్పుడు దాన్ని వేరే గదికి పంపించేయండి.

7. వాడుక మార్చినవి

పాత పెట్టెలు, డబ్బాలు, నిచ్చెనలు, చట్రాలు గదికి అందం తెస్తాయి. అన్నీ ఒకలాంటివి కావు.

మూత పెట్టెలు, భోషాణాలు బొమ్మలకి బాగుంటాయనుకుంటాం. మూత పడితే పిల్ల తల మీద పడుతుంది, లేదా పిల్ల లోపలికి దూరాక మూసుకుంటుంది. మూయగానే తనంతట తానే తాళం పడే పాత దేవదారు పెట్టెల్లో పిల్లలు ఊపిరాడక చనిపోవడంతో, 1996లో అమెరికాలో అలాంటి సుమారు కోటీ ఇరవై లక్షల పెట్టెల తాళాలు మార్చడానికి ప్రకటన ఇచ్చారు. గడియ, తాళం ఊడదీయండి, గాలి కంతలు పెట్టించండి, ఏ కోణంలో వదిలినా మూత అక్కడే ఆగిపోయే సపోర్టు వేయించండి. ఇంత తతంగం వద్దనుకుంటే మూత తీసేసి తెరిచిన పెట్టెలాగే వాడండి. నేనైతే అదే చేస్తాను.

పాత సూట్‌కేసులని బీరువా మీద ఒకదానిపై ఒకటి పేర్చి చిన్నవైపోయిన బట్టలు దాచుకోవచ్చు. లోపలి అస్తరుకి బూజు వాసన ఉంటే చింపేసి కొత్త గుడ్డ అతికించండి.

సరుకు రవాణాకి వాడే చెక్క ప్యాలెట్లతో అరలు చేయాలనుకుంటే ముద్ర చూడండి. హెచ్‌టి అని ఉంటే వేడితో పురుగు చంపిన చెక్క, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పెట్టినది. రెండోదీ, అసలు ముద్రే లేనిదీ ఇంట్లోకి తేకండి. మొదటి రకమైనా దాని మీద ఏం ఒలికిందో తెలియదు, మరకలుంటే వదిలేయడమే.

నిచ్చెనని గోడకి చేరేసి బొంతలు వేయడం అందరికీ నచ్చే అలంకారం. నిలబెడితే అది నిచ్చెనే, పిల్లలు ఎక్కుతారు. అడ్డంగా, ఎత్తులో గోడకి బిగిస్తే ఆ బెంగ ఉండదు.

చేత్తో కుట్టిన బొంత సంగతి. వెనకవైపు పై అంచున గుడ్డతో గొట్టంలా పొడవాటి పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చి, కర్రని గోడ కొక్కేలకి పెట్టండి. అప్పుడు బరువు మొత్తం పొడవునా సమంగా పడుతుంది, పాత దారాలు తెగవు. మేకులు నేరుగా కొట్టొద్దు. ఎండ తగిలే గోడ మీద వేస్తే రంగు వెలిసిపోతుంది. తొట్టె పైన మాత్రం బొంత కాదు కదా, ఏ పటమూ వద్దు. మిగతా గోడల మీది పటాలకి అద్దం బదులు అక్రిలిక్ షీటు వేయించండి.

కిటికీకి తాళ్లున్న పాత బ్లైండ్లు పెట్టకండి, తాడు మెడకి చుట్టుకుంటుంది. పాత టేబుల్ గుడ్డలు, దుప్పట్లు కత్తిరించి కుట్టిన తెరలు చాలు. తొట్టెని కిటికీకి దూరంగా వేయండి.

8. దీపాలు, చిన్న వస్తువులు

పాత టేబుల్ ల్యాంపు అందం దాని స్టాండులోనే, వైరులో కాదు. వైరు, హోల్డరు, ప్లగ్గు మూడూ కొత్తవి వేయించండి. పాత వైరు పైతొడుగు ఎండిపోయి వంచితే చిట్లుతుంది. 2700 కెల్విన్ అని రాసి ఉండే, వెచ్చటి పసుపు వెలుగునిచ్చే ఎల్ఈడీ బల్బు, అందులోనూ తక్కువ వాట్లది పెడితే రాత్రి పాలకి లేచినప్పుడు నిద్ర చెడదు.

చీకట్లో అంకెలు మెరిసే పాత గడియారాలు చూడముచ్చటగా ఉంటాయి. 1960ల దాకా తయారైన కొన్నింటి అంకెలకి నిజంగానే రేడియం పూత వేశారు. ఇప్పుడు మెరవడం లేదు కదా అని ఊరుకోకండి. మెరిసే పదార్థం పాడయింది గానీ, రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పి తుడవడం లాంటివి చేయొద్దు. ఆ గడియారం ఈ గదికి కాదు.

పాత ప్లాస్టిక్ బొమ్మలనీ చూడడానికే ఉంచండి. 2018లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం సెకండ్‌హ్యాండ్ ప్లాస్టిక్ బొమ్మలని పరీక్షిస్తే పసుపు, ఎరుపు, నలుపు రంగువాటిలో క్యాడ్మియం, సీసం లాంటివి ఎక్కువగా కనిపించాయి. ఎత్తైన అరలో పెడితే అందానికి లోటు రాదు. గుడ్డ బొమ్మలకి గుండీ కళ్లు ఉంటే ఊడదీసి దారంతో కుట్టేయండి.

9. అమరిక

సామానంతా సిద్ధమయ్యాక గది పాత వస్తువుల గోడౌనులా కనిపించే ప్రమాదం ఉంది. దానికి మందు, కొన్నింటిని బయటే ఉంచడం. గోడలు తెల్లగానో లేత రంగులోనో వదిలేయండి. బొంతలోంచో, గోడకి పెట్టబోయే బొమ్మలోంచో రెండు మూడు రంగులు ఎంచుకుని తెరలు, కుర్చీ మెత్త వాటికే పరిమితం చేయండి. చెక్క రంగులు కలవాలని పట్టుపట్టక్కర్లేదు. ఒకటి ముదురు, ఒకటి లేత ఉంటే బాగానే ఉంటుంది, నాలుగు రకాలైతే గజిబిజి. ఒక గోడ పూర్తిగా ఖాళీగా ఉంచండి. ఆరు నెలలు తిరిగేసరికి అక్కడ పెట్టడానికి ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది.

ముందు బల్ల, తర్వాత తొట్టె, తర్వాత కుర్చీ పెట్టి చూడండి. కుర్చీ నుంచి దీపం స్విచ్చు అందాలి. చీకట్లో తలుపు నుంచి తొట్టె దాకా కాలికి ఏదీ అడ్డు తగలకూడదు. నేల మీద ఉతకగలిగే చాప గానీ రగ్గు గానీ వేసి, కింద జారకుండా రబ్బరు జాలీ వేయండి.

పాప పాకే నాటికి మీరూ ఒకసారి మోకాళ్ల మీద గదంతా తిరగండి. బల్ల కింద పొడుచుకొచ్చిన మేకు, వదులైన గుబ్బ, సాకెట్టు, అందుతున్న ల్యాంపు వైరు అన్నీ అప్పుడే కనబడతాయి. పాత చెక్క తేమకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది కాబట్టి కాలం మారినప్పుడల్లా స్క్రూలు, గోడ బ్రాకెట్లు బిగించి చూడాలి. డైపర్ల కాలం అయిపోయాక పైనున్న చట్రం ఊడదీసి, నాలుగు కంతలూ లప్పంతో పూడ్చి, పై పలకకి ఒక పూత మైనం పట్టించండి. గోడ బ్రాకెట్లు మాత్రం అప్పుడే తీయకండి.